పెద్దవాళ్ళను కాపాడటమంటే గదిలో పెట్టి తలుపు వేయడమేనా?

ప్రశ్న అడిగిన అబ్బాయి రాసింది క్లుప్తంగా ఇదీ. వాళ్ళది అమలాపురం దగ్గర ఊరు. కరోనా వచ్చేసరికి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. రెండేళ్ళపాటు చదువూ చెడింది, ఉద్యోగమూ చేజారింది. ఇంట్లో ఎనభై దాటిన నాయనమ్మను మేడ మీద గదిలో నెలల తరబడి ఉంచారు. అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేవాళ్ళు. ఆవిడకు కరోనా రాలేదు. కానీ అప్పటినుంచి ఆవిడ మునుపటి మనిషి కాదు, ఇప్పటికీ కిందికి రమ్మన్నా రాదు. "పండుటాకులు ఎలాగూ రాలేవే కదా, వాళ్ళ కోసం మా తరం ఎందుకు ఆగిపోవాలి అని అప్పట్లో అనిపించేది. ఇప్పుడు నాయనమ్మను చూస్తే ఆ కాపాడటమైనా సరిగ్గా చేశామా అనిపిస్తోంది. మళ్ళీ ఇలాంటిది వస్తే మా బాధ్యత ఏమిటి?" అని అడిగాడు.

బాబూ, నేను రాజోలు, పి.గన్నవరం వైపు ఊళ్ళలో ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా చేరి, హెల్త్ సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. కరోనా రెండు వేవ్‌లలోనూ డ్యూటీలోనే ఉన్నాను. ఆశా కార్యకర్తలతో కలిసి ఇల్లిల్లూ తిరిగాను. మన రాష్ట్రంలో కేసులు బాగా ఎక్కువ వచ్చిన జిల్లాల్లో ఉమ్మడి తూర్పుగోదావరి ముందుంది కాబట్టి చూడాల్సినవన్నీ చూశాను. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇక్కడ పెద్దవాళ్ళకు జరిగిన కష్టానికి తరాల మధ్య పడకపోవడం పెద్ద కారణం అనుకోను. వాళ్ళ దగ్గరకు వెళ్ళే మనిషి ఎవరన్నది చాలా ఇళ్ళలో ఎవరూ ముందుగా అనుకోలేదు. అసలు బాధంతా అక్కడ మొదలైంది.

మీ కోపాన్ని నేను తప్పు పట్టను. పరీక్షలు రద్దయ్యాయి, కాలేజీలు మూతపడ్డాయి, చేతికొచ్చిన ఆఫర్ లెటర్లు వెనక్కి పోయాయి. ఇరవై ఏళ్ళప్పుడు పోయిన ఏడాది యాభై ఏళ్ళప్పుడు పోయిన ఏడాదితో సమానం కాదు. ఆ నష్టాన్ని ఎవరూ చిన్నది చేసి మాట్లాడకూడదు. బడులూ కాలేజీలూ అంతకాలం మూసి ఉంచడం మరీ ఎక్కువైందని నేను అప్పుడూ అనేదాన్ని, ఇప్పుడూ అంటాను. అయితే ఆ నిర్ణయం చేసింది మీ నాయనమ్మగారు కాదు. ఆవిడను ఎవరూ అడగలేదు కూడా.

నిజానికి అందరికంటే ముందు ఆగిపొమ్మన్నది పెద్దవాళ్ళనే. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది 2020 మార్చి 25న. అంతకు ముందే, మార్చి 19నే, 65 దాటినవాళ్ళు ఇల్లు కదలొద్దని కేంద్రం చెప్పింది. ఆ మర్నాటి నుంచి రైళ్ళలో సీనియర్ సిటిజన్ల రాయితీ కూడా ఆపేశారు, వాళ్ళు ప్రయాణాలు పెట్టుకోకుండా ఉండాలని. అరవై దాటిన మగవాళ్ళకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకు 50 శాతం ఉండేది అది. రైళ్ళు మామూలుగా తిరగడం మొదలయ్యాక కూడా దాన్ని తిరిగి ఇవ్వలేదు. కూతుర్ని చూడటానికి నరసాపురం నుంచి హైదరాబాదు వెళ్ళే మామ్మలు ఇప్పుడు పూర్తి టికెట్టు కొనుక్కుంటున్నారు. ఎవరి కోసం ఎవరు ఏం వదులుకున్నారని లెక్క తీస్తే ఇది కూడా లెక్కలోకి రావాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. లాక్‌డౌన్‌లో కూలి పనులు ఆగిపోయినప్పుడు మా పరిధిలో ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది ముసలివాళ్ళ పింఛనే. అప్పట్లో నెలకు 2,250 రూపాయలు, ఒకటో తారీఖున వలంటీరు గుమ్మంలోకి తెచ్చి ఇచ్చేవాడు. వేలిముద్ర మిషను మీద అందరూ వేలు పెడితే జబ్బు అంటుకుంటుందని ఫొటో తీసుకుని ఇచ్చారు. ఆ డబ్బులో మందులకు పోగా మిగిలింది మనవల పాలకూ పప్పుకూ వెళ్ళేది. మన కోనసీమ నుంచి ఎంతమంది ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి ఇళ్ళలో పని చేస్తున్నారో మీకు తెలియంది కాదు. వాళ్ళ పిల్లల్ని పెంచుతున్నది అమ్మమ్మలూ నాయనమ్మలే. బడులు మూసేసినప్పుడు ఆ పిల్లలు రోజంతా ఎవరి మీద పడ్డారు? మోకాళ్ళ నొప్పులతో లేవలేని మనుషుల మీద. పడుచువాళ్ళు ముసలివాళ్ళను మోశారన్న మాట కొన్ని ఇళ్ళలో నిజం, చాలా ఇళ్ళలో తిరగేసి చెప్పాల్సిన మాట.

"పండుటాకులు" అనే వాదన వైద్యం తెలిసినవాళ్ళ దగ్గర ఎందుకు నిలవదో కూడా చెబుతాను. కరోనా పెద్దవాళ్ళను ఎక్కువగా తీసుకుపోయింది, నిజమే. మొదటి ఏడాది కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పిన లెక్కల్లో పోయినవాళ్ళలో దాదాపు సగం మంది అరవై దాటినవాళ్ళు, జనాభాలో వాళ్ళ వంతు పదింట ఒకటి ఉంటుందేమో. కానీ ప్రతి మహమ్మారీ వయసు చూసి ఇలాగే రాదు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది, అందులో ఎక్కువ దెబ్బ తిన్నది ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్యవాళ్ళు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అరవై దాటినవాళ్ళలో చాలామందికి అంతగా సోకలేదు, ఎప్పుడో చిన్నతనంలో అలాంటి ఫ్లూ వచ్చిపోయి ఒంట్లో కొంత రక్షణ మిగిలి ఉండటం వల్ల. అప్పుడు ఎక్కువ దెబ్బ తిన్నది వయసులో ఉన్నవాళ్ళు, గర్భిణులు. తరువాత వచ్చేది ఎవరిని వెతుక్కుంటూ వస్తుందో ఎవరం చెప్పగలం? "ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళను వాళ్ళ మానాన వదిలేద్దాం" అనే నియమం ఈసారి మీ నాయనమ్మగారికి పెడితే, వచ్చేసారి మీ కడుపున పుట్టిన బిడ్డకు అదే నియమం పెట్టాల్సి వస్తుంది.

మీ నాయనమ్మగారి భుజం దగ్గర, లేదా ముంజేతి మీద, గుండ్రంగా గుంట పడిన మచ్చ ఉందేమో చూడండి. మశూచి టీకా మచ్చ అది. ఆవిడ తరం చిన్నప్పుడు ఊళ్ళకు ఊళ్ళు ఆ జబ్బుతో ఖాళీ అయ్యేవి. ఊరూరా వచ్చే టీకాల ఆయన్ని చూసి పారిపోయినవాళ్ళూ ఉన్నారు, చెయ్యి చాపినవాళ్ళూ ఉన్నారు. అలా చాపబట్టే 1977లో మన దేశంలో మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళు ధ్రువీకరించారు. తరువాత 1995 నుంచి పల్స్ పోలియో వచ్చింది. ఆదివారం పొద్దున్నే బూత్ దగ్గర చిన్న పిల్లల్ని చంకనేసుకుని నిలబడింది ఎవరనుకున్నారు? అమ్మలు వరి ఊడ్పులకు పోతే, కొబ్బరి పీచు పనికి పోతే, తీసుకొచ్చేది నాయనమ్మలే. నేను చుక్కలు వేసిన పిల్లల్లో చాలామందికి నోరు తెరిపించింది వాళ్ళ చేతులే. మీ వయసు చూస్తే ఆ పిల్లల్లో మీరూ ఉండి ఉంటారు.

ఇక మీరు రాయని మాట ఒకటి. మీరు అడగలేదు గానీ మీలాంటి పిల్లలు నా దగ్గర చాలామంది ఏడ్చారు, "నేనే తెచ్చి తాతకు అంటించాను" అని. హైదరాబాదు నుంచి హాస్టలు ఖాళీ చేసి వచ్చిన పిల్లలు, చేపల లారీ మీద వెళ్ళి వచ్చినవాళ్ళు, పెళ్ళికి వెళ్ళి వచ్చినవాళ్ళు. చుట్టాలు కూడా ఎదురుగానే అనేసేవారు, "వీడు తెచ్చిపెట్టాడు" అని. కరోనా ఒంట్లో చేరాక దగ్గూ జ్వరమూ మొదలయ్యే ముందే, ఒకటి రెండు రోజుల ముందు నుంచే, పక్కవాళ్ళకు అంటుకుంటుంది. కొందరికి లక్షణాలే ఉండవు. తనకు ఉందని తనకే తెలియని మనిషి మీద నేరం మోపడం అన్యాయం. ఒక ఇంట్లో తాతగారు పోయాక మనవడు మాట్లాడటం మానేశాడు. వాళ్ళ అమ్మ నన్ను పిలిపిస్తే వెళ్ళి కూర్చున్నాను. అతను అడిగింది ఒకటే, "మేడమ్, నేను రాకపోతే ఆయన బతికేవాడా?" ఆ ఊళ్ళో అప్పటికే చాలా ఇళ్ళలో కేసులున్నాయి, పాలవాడి దగ్గర్నుంచి వచ్చిందో, రేషన్ క్యూలో వచ్చిందో ఎవరూ చెప్పలేరని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ స్నేహితుల్లో ఇలాంటి భారం మోస్తున్నవాళ్ళు ఉంటే ఈ మాట చెప్పండి. బాధ్యత వేరు, నేరం వేరు.

ఇప్పుడు ఆ మేడ మీద గది దగ్గరకు వద్దాం. ఆవిడకు కరోనా రాలేదు కాబట్టి ఆ గది పని చేసిందనే అనుకోవాలి. టీకా లేని ఆ మొదటి ఏడాదిలో ఎనభై దాటిన మనిషిని జనంలోంచి పక్కకు తప్పించడం సరైన పనే. మీ ఇంటివాళ్ళను నేను తప్పు పట్టను. తేడా వచ్చింది గుమ్మం దగ్గర పెట్టిన పళ్ళెంతో. పళ్ళెం పెట్టి వచ్చేస్తే ఆవిడ తిన్నదా లేదా, ఎంత తిన్నది, లేచి తెచ్చుకోగలిగిందా అన్నది ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ళకు కరోనా చాలాసార్లు జ్వరంతో రాదు. ఉన్నట్టుండి అన్నం సయించదు, తికమకగా మాట్లాడతారు, బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోతారు, రోజంతా మగతగా ఉంటారు. అవే మొదటి గుర్తులు. జ్వరం చూసే మిషను నుదుటి మీద పెట్టి "టెంపరేచర్ లేదు" అనుకుని వెళ్ళిపోయిన ఇళ్ళలో మూడోనాటికి అంబులెన్స్ పిలవాల్సి వచ్చింది. ఇవి కనిపించాలంటే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడించాలి.

ఇంకో సంగతి చాలామందికి తట్టలేదు. పెద్దవాళ్ళలో సగం మందికి చెవి సరిగ్గా వినిపించదు, వాళ్ళు మన పెదాలు చూసి మాట పోల్చుకుంటారు. మాస్కు వేయగానే ఆ దారి మూసుకుపోయింది. గుమ్మం అవతల నిలబడి మాస్కులోంచి మనవడు ఏదో అంటాడు, ఆవిడకు ఏమీ అర్థం కాదు, విసుక్కుని వెళ్ళిపోతున్నాడనుకుంటుంది. గోదావరి మధ్య ఒక లంకలో ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని అడిగింది, "నేనేం తప్పు చేశానమ్మా, నన్ను ఎలేశారు?" అని. వెలివేశారని ఆవిడ బాధ. ఇంట్లోవాళ్ళేమో ఆవిడ కోసం రోజూ భయపడి చస్తున్నారు. పెరట్లో రెండు మంచాల దూరంలో కూర్చుని, మాస్కు కిందికి తీసి, వెలుతురు మన ముఖం మీద పడేటట్టు కూర్చుని, అరవకుండా కాస్త నిదానంగా మాట్లాడమని కొడుక్కి చూపించాను. ఆరుబయట, గాలిలో, అంత దూరంలో అయితే ప్రమాదం చాలా తక్కువ. ఆ సాయంత్రం ఆవిడ వరి ధర ఎంత పలికిందో, ఆవు ఈనిందో లేదో, అన్నీ అడిగింది.

మీరు "మా తరం" అనీ "వాళ్ళ తరం" అనీ రాశారు. నాకు ఆ రెండింటి మధ్య ఉన్న మనిషి కనిపించలేదు. ఆ పళ్ళెం మేడ ఎక్కించింది ఎవరు? బట్టలు వేడినీళ్ళలో ఉడికించింది ఎవరు? మీ అమ్మగారే అయి ఉంటారు. నేను చూసిన ఇళ్ళలో దాదాపు అన్నిట్లోనూ పెద్దవాళ్ళ చాకిరీ అంతా నలభై ఐదు, యాభై ఏళ్ళ కోడళ్ళ మీదో కూతుళ్ళ మీదో పడింది. వాళ్ళలో చాలామందికి షుగరూ బీపీ ఉన్నాయి, అంటే వాళ్ళూ ప్రమాదంలో ఉన్నవాళ్ళే. ఇంట్లో అందరికంటే తక్కువ ప్రమాదం ఉన్నది ఇరవై ఏళ్ళ పిల్లలకు. వాళ్ళు మాత్రం ఫోను పట్టుకుని వేరే గదిలో ఉండేవారు. ఇది తిట్టడానికి అనడం లేదు. వాళ్ళను ఎవరూ పిలవలేదు, పిలవాలని పెద్దలకు తట్టలేదు. మగపిల్లవాడు నాయనమ్మ గదిలోకి వెళ్ళి ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చడం మన ఇళ్ళలో అలవాటు లేని పని. నా దృష్టిలో మీ తరం చేయాల్సిన మొదటి మార్పు ఇదే. కాలేజీ మానుకుని ఇంట్లో కూర్చోవడం కంటే, మాస్కు సరిగ్గా పెట్టుకుని రోజుకు ఒక గంట ఆ గదిలోకి వెళ్ళడం ఆవిడకు ఎక్కువ మేలు చేసేది.

వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసే పల్స్ ఆక్సీమీటర్ పట్టుకోవడం నేర్పిన పిల్లలు కొందరు ఎంత చక్కగా చేశారో చెప్పాలి. పీచు పని చేసి, కోతలు కోసి మొద్దుబారిన వేళ్ళు, అందులోనూ చల్లగా ఉంటే ఆ మిషను తప్పు చూపిస్తుంది. గోరింటాకు ముదురుగా పండిన గోరు మీద కూడా ఒక్కోసారి అంతే. అరచేతులు రెండూ రుద్ది వెచ్చబెట్టి, గోరింటాకు లేని వేలికి పెట్టి, అంకె కదలకుండా నిలబడేదాకా ఒక నిమిషం ఆగాలి. తరువాత గదిలోనే పట్టుకుని మూడు నిమిషాలు నడిపించి మళ్ళీ చూడాలి. 94 కంటే తగ్గినా, నడిచాక మూడు నాలుగు అంకెలు దిగినా ఆలస్యం చేయకూడదు. ఎందుకంటే ఆక్సిజన్ బాగా పడిపోయినా కొందరికి ఆయాసం తెలియదు, మామూలుగానే మాట్లాడుతుంటారు. పదో తరగతి చదివే ఒక అమ్మాయి నోటుబుక్కులో తాతగారి అంకెలు పొద్దునా సాయంత్రం రాసి, అవి రోజురోజుకీ దిగుతున్నాయని తనే కనిపెట్టి మాకు ఫోను చేసింది. ఆయన ఇప్పటికీ ఉన్నారు.

గది అనే మాటే లేని ఇళ్ళు కూడా ఉన్నాయి. కాలనీ ఇళ్ళలో ఒకే గది, అందులో ఆరుగురు. అక్కడ హోమ్ ఐసోలేషన్ కాగితం అంటించి వచ్చేస్తే ఏం లాభం? మేము చెప్పింది ఒకటే, జబ్బు ఉన్న మనిషి కంటే ముందు ముసలివాళ్ళ మంచం బయట పంచలోకి తీసుకురండి, కిటికీలు తెరిచి ఉంచండి, వంట, తిండి ఆరుబయట పెట్టుకోండి. ఏసీ గదుల్లో తలుపులు బిగించుకున్న పెద్ద ఇళ్ళలో ఒకరికి వస్తే అందరికీ వచ్చేసిన సందర్భాలు నేను చూశాను. పంచలో నులక మంచం మీద, మనవలు దూరంగా ఆడుకుంటుంటే చూస్తూ ఉన్న ముసలావిడ మనసుకూ, తలుపు వేసిన గదిలో ఉన్నావిడ మనసుకూ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు.

భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు నా తోటి సూపర్‌వైజర్లు చెప్పేది వేరే కథ. రెండంతస్తుల ఇల్లు, అందులో ఇద్దరే ముసలివాళ్ళు, పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో. 2020 మార్చి ఆఖరులో విమానాలు ఆగిపోయాయి. డబ్బుకు లోటు లేదు, మనిషికే లోటు. ఇంటినిండా సీసీ కెమెరాలు. కొడుకు అక్కణ్ణుంచి రాత్రీ పగలూ చూస్తూనే ఉంటాడు, తల్లి పొద్దుటి నుంచి మంచం మీదే ఉందని తెలుస్తుంది, లేపి మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు మాత్రం ఉండరు. అలాంటి ఇళ్ళలో నిలబడింది ఇరుగుపొరుగు కుర్రాళ్ళు, పాలేరు కుటుంబాలు, ఆశా కార్యకర్తలు. పోయినవాళ్ళను సాగనంపడానికి సొంతవాళ్ళే ముందుకు రాని రోజుల్లో పీపీఈ కిట్టు వేసుకుని పాడె పట్టిన కుర్రాళ్ళు కూడా మన ఊళ్ళవాళ్ళే. అది ఏ ప్రభుత్వమూ ఆర్డరు వేసి చేయించింది కాదు. మీ తరం స్వార్థపు తరం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అదే 2020 ఆగస్టులో గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, లంకలు మునిగాయి. పడవ ఎక్కి పునరావాస కేంద్రానికి వెళ్తే జనం మధ్య కరోనా భయం, ఉంటే నీళ్ళ భయం. చాలామంది పెద్దవాళ్ళు ఇల్లు కదలబోమన్నారు. "గేదెల్ని వదిలి రాను" అని కొందరు, "ఆ బళ్ళో పడుకుంటే రోగం వస్తుంది" అని కొందరు. 1986 వరదనూ 1996 తుపానునూ చూసినవాళ్ళు వాళ్ళు, నీళ్ళ సంగతి మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళతో వాదించడం కంటే అడగడం మేలని అప్పుడే గట్టిగా అనిపించింది. ఎక్కడైతే ఉంటారు, దగ్గర ఎవరుంటే వస్తారు అని అడిగితే, మేడ ఉన్న చుట్టాల ఇంటికి వెళ్తామన్నవాళ్ళున్నారు, మనవడు తోడుంటే బడికి వస్తామన్నవాళ్ళున్నారు. చేతులు పట్టి పడవలోకి లాగిన చోట గొడవలయ్యాయి.

అడగకపోవడం టీకాల దగ్గర కూడా చూశాను. 2021 మార్చి 1న అరవై దాటినవాళ్ళకు టీకా మొదలైంది. మొదటి రోజుల్లో మా సెంటర్లో కుర్చీలు ఖాళీగా ఉండేవి. కొందరికి పుకార్ల భయం. కొందరు పెద్దవాళ్ళు వేయించుకుంటామన్నా కొడుకులే వద్దన్నారు, "ఈ వయసులో సూది పడకపోతే ఎవరు చూస్తారు" అని. ఏప్రిల్ వచ్చేసరికి రెండో వేవ్ ముంచుకొచ్చింది, అప్పుడు అందరూ ఒక్కసారే వచ్చారు, మందు చాలలేదు. ఆ మార్చి నెలలో వేయించుకుని ఉంటే బతికేవాళ్ళు ఉన్నారని నాకు గట్టి నమ్మకం. వాళ్ళ ప్రాణం గురించి నిర్ణయం వాళ్ళది. ఫోన్లో ఓటీపీ చూసి పేరు నమోదు చేయడం, బండి మీద తీసుకెళ్ళడం, అరగంట అక్కడే కూర్చోవడం మన పని.

మళ్ళీ ఇలాంటిది వస్తే ఏం చేయాలని అడిగారు. వచ్చాక చేసేదానికంటే ఇప్పుడు చేసి పెట్టుకునేది ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మందుల పేర్లు, మోతాదు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. రాత్రి పదకొండింటికి 108 వచ్చినప్పుడు "ఆ తెల్ల బిళ్ళ" అంటే ఎవరికీ అర్థం కాదు. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వాళ్ళకు అవసరమా అని డాక్టరుగారిని అడగండి. ఊళ్ళో ఎవరో ఇచ్చారని స్టెరాయిడ్లు మొదటి రోజు నుంచే మింగించకండి. ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకే అవి పని చేస్తాయని 2020లోనే తేలింది, లేనివాళ్ళకు షుగరు పెరగడం తప్ప ఒరిగేది లేదు. 2021 వేసవిలో కరోనా తరువాత బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు వచ్చినవాళ్ళలో షుగరు ఉన్నవాళ్ళు ఎంతమందో ఆ వార్డుల్లో పని చేసినవాళ్ళను అడిగితే చెబుతారు. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎవరో, వాళ్ళ ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుసుకుని ఉండండి. అన్నిటికంటే ముఖ్యం, మీ ఇంట్లో ఎవరికైనా వస్తే లోపలికి వెళ్ళే మనిషి ఎవరు అన్నది ఇప్పుడే తేల్చుకోండి. వయసులో ఉండి, టీకా వేయించుకుని, షుగరూ ఆస్తమా లేని మనిషి అయి ఉండాలి. ఒకరే కాకుండా ఇద్దరు ఉండాలి. మీ అమ్మగారి పేరు మాత్రం అలవాటుగా రాసేయకండి.

చట్టం సంగతి కూడా ఒక ముక్క తెలిసి ఉండాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో పిల్లలంటే కొడుకులూ కూతుళ్ళే కాదు, వయసొచ్చిన మనవలూ మనవరాళ్ళూ కూడా. ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళను కావాలని వదిలేస్తే మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. మీ ఇంటికి ఇది అవసరం లేదు. మీ వీధిలో ఎవరికైనా అవసరమైతే 14567కి ఫోను చేయమనండి, పెద్దవాళ్ళ కోసమే పెట్టిన హెల్ప్‌లైన్ అది.

ఇక మీ నాయనమ్మగారు. ఆవిడ కిందికి రాకపోవడాన్ని మొండితనం అనుకోకండి. నెలల తరబడి గదిలో ఉంటే ముందు పోయేది కాళ్ళ కండ, ఆ వయసులో అది చాలా త్వరగా కరిగిపోతుంది. మెట్లు దిగాలంటే ఆవిడకు నిజంగానే భయం వేస్తుండవచ్చు. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవగలుగుతోందో లేదో చూడండి. లేవలేకపోతే రోజూ పొద్దునా సాయంత్రం పట్టుకుని ఐదారుసార్లు లేపి కూర్చోబెట్టండి, కోడిగుడ్డో పప్పో పాలో కాస్త ఎక్కువ పెట్టండి. కళ్ళలో శుక్లం ఉందేమో, చెవిలో గుబిలి గట్టిపడిందేమో చూపించండి, ఈ రెండూ బాగుచేయించుకోగలిగినవే. నిద్ర పట్టడం లేదా, అన్నం సహించడం లేదా, "పోతే బాగుండును" అని అంటోందా అని గమనించండి. అంటుంటే అది వయసు మాట కాదు, వైద్యం ఉన్న జబ్బు. ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వీలైతే ఆవిడ మంచం కింది గదిలోకి, వీధి కనిపించే కిటికీ పక్కకు మార్చండి. మార్చే ముందు ఆవిడను అడగండి, ఒప్పుకోకపోతే వారం ఆగి మళ్ళీ అడగండి. సంక్రాంతికి మీ బాబాయిలూ అత్తయ్యలూ అందరూ వస్తారు కదా, వచ్చేసారి ఎవరు దగ్గరుండాలన్న మాట అప్పుడు ఎత్తండి. ఆవిడను కూడా అక్కడ కూర్చోబెట్టి, ఎవరుంటే తనకు ఇష్టమో ముందు ఆవిడనే చెప్పనివ్వండి.